బస్తా విప్పే ముందు

అవిసె చేనుకు ఎరువు ఎంత వేయాలని ఎవరైనా అడిగితే ముందు నేనొక ఎదురు ప్రశ్న వేస్తాను. వరి కోశాక మీ చేలో తేమ ఎన్ని వారాలు నిలుస్తుంది? దానికి జవాబు వచ్చాక రెండోది: ఒక తడైనా పెట్టుకునే వీలుందా? ఈ రెండూ తెలియకుండా చెప్పిన ఏ మోతాదూ మీకు పనికిరాదు. ఎరువు నీటిలో కరిగితేనే వేరుకు అందుతుంది. తేమ ఆరిపోయిన మడిలో యూరియా చల్లితే అందులో కొంత భాగం అమోనియాగా మారి గాలిలో కలిసిపోతుంది. మీ చేతిలోంచి డబ్బు పోతుంది, మొక్కకు చేరేది మాత్రం చాలా తక్కువ.

ఈ అధ్యాయం ముఖ్యంగా ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో ఉన్న మనవాళ్ల కోసం. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు కుటుంబాలు రైలు కొలువుల కోసం ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాయి. 2003 ఏప్రిల్‌లో ఆగ్నేయ మధ్య రైల్వే జోన్ మొదలై, ఈ ఊరే దానికి కేంద్రమయ్యాక ఆ బంధం ఇంకా గట్టిపడింది. ఉద్యోగం నుంచి దిగాక వచ్చిన డబ్బుతో మస్తూరీ వైపో, తఖత్‌పూర్ వైపో, బిల్హా, కోటా వైపో రెండు మూడెకరాలు కొనుక్కుని, అధియాకు, అంటే సగం పాలుకు ఇచ్చి, తీరిక దొరికాక తామే చేలోకి దిగుదామనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అరవై ఏళ్ల వయసులో కొత్త పని నేర్చుకోవడానికి అవిసె కంటే మంచి పంట నాకు తెలియదు. పెట్టుబడి తక్కువ, నీటి అవసరం తక్కువ. ఇచ్చినదానికి మొక్క ఎలా స్పందించిందో నాలుగు నెలల్లోనే కళ్లకు కనిపిస్తుంది.

ఇక్కడ దీన్ని అల్సీ అంటారు. వరి కోతకు మూడు వారాల ముందు, గింజ పాలు గట్టిపడుతున్న దశలో, నిలబడి ఉన్న వరిలోనే విత్తనం వెదజల్లుతారు. దీన్ని ఉతేరా అంటారు. మడిలో నీళ్లు తీసేసి నేల తడిగా మాత్రం ఉంచుతారు. నిలిచిన నీళ్లలో పడితే గింజ కుళ్లిపోతుంది. వరి కోసేసరికి అడుగున అవిసె మొలకలు పచ్చగా లేచి ఉంటాయి. మీలో చాలామందికి ఇది చూడగానే సొంతూరు గుర్తొస్తుంది, ఎందుకంటే మన మాగాణుల్లో కోతకు ముందు మినుము, పెసర చల్లడం ఇదే పద్ధతి. తికమక మొదలయ్యేది కూడా ఇక్కడే.

మినుము పప్పుజాతి పంట. దాని వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తాయి. అందుకే మన ఊళ్లో మాగాణి మినుముకు ఎవరూ యూరియా బస్తా మోయరు. ఇక్కడి రైతులు ఉతేరాగా చల్లే తివ్రా కూడా పప్పుజాతే. అవిసెకు ఆ శక్తి లేదు. అది వరి వదిలి వెళ్లిన దాని మీదే బతకాలి. వరి మడిలో నెలల తరబడి నీళ్లు నిలుస్తాయి. గాలి ఆడని ఆ మట్టిలో మిగిలిన నత్రజనిలో ఎక్కువ భాగం వాయువుగా మారి పోతుంది. భాస్వరం, పొటాష్ కొంత మిగులుతాయి. అంటే వరికి బాగా ఎరువులు వేసిన మడిలో అవిసెకు ముందుగా కొరవడేది నత్రజనే. ‘వరికి వేశాంగా, అదే చాలు’ అనే మాట సగం నిజం, ఆ సగం భాస్వరానిదీ పొటాష్‌దీ.

మన మాగాణి జ్ఞానం ఇక్కడ ఇంకో రకంగా కూడా వచ్చి చేరింది. ఈ చేలల్లో విస్తారంగా పండే స్వర్ణ వరి, ఎం.టి.యు. 7029, పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు పరిశోధన కేంద్రంలో పుట్టి 1982లో విడుదలైంది. ఎం.టి.యు. 1010 కూడా అక్కడిదే. అవిసెకు ముందు వీటిలో ఏది వేశారన్నది ముఖ్యం. స్వర్ణ నవంబరు దాకా మడిలో ఉంటుంది. 1010 ముందే కోతకు వస్తుంది కాబట్టి, దాని తర్వాత దున్ని వరుసల్లో విత్తుకునే సమయం దొరుకుతుంది. దున్ని విత్తగలిగితే ఎరువును వేరు దగ్గర పెట్టగలం. ఉతేరాలో పైన చల్లడం తప్ప దారి లేదు. ఒకే పంటకు వేర్వేరు మోతాదులు చెప్పడానికి కారణం ఇదే.

నేల సంగతి. ఛత్తీస్‌గఢ్ రైతులు మట్టిని నాలుగు పేర్లతో పిలుస్తారు. నల్లరేగడిని కన్హార్ అంటారు. నలుపూ పసుపూ కలిసినది డోర్సా. తేలిక పసుపు నేల మటాసి. ఎర్రటి గులకరాళ్ల మెట్ట భాటా. అవిసె ఉతేరా కన్హార్‌లోనూ డోర్సాలోనూ నిలబడుతుంది. మటాసిలో తేమ త్వరగా పోతుంది కాబట్టి కనీసం ఒక తడి ఉంటేనే దిగండి. భాటాలో ఈ పంట వద్దు, ఎంత ఎరువు పోసినా ఆ నేల తేమను పట్టి ఉంచలేదు. మీ చేను ఏ రకమో తెలియకపోతే అధియా చేసే రైతును అడగండి. ఈ విషయంలో ఆయన మాట ఏ పుస్తకం మాటకూ తక్కువ కాదు. ‘భైయా, ఈ చేలో శివరాత్రి దాకా తేమ ఉంటుందా?’ అని అడిగితే ఏ మూల ముందు బీటలు తీస్తుందో కూడా చెబుతాడు.

నత్రజని చేసే మేలు, చెరుపు

ఎరువు దిగుబడిని ఎలా పెంచుతుందో చూడాలంటే జనవరిలో పొద్దున్నే చేలోకి వెళ్లండి. అవిసె పువ్వు తెల్లవారి విచ్చుకుంటుంది, మధ్యాహ్నానికి రేకులు రాలిపోతాయి. ఎనిమిదింటికి నీలంగా కనిపించిన చేను ఒంటిగంటకు పచ్చగా ఉంటుంది. ఆ పూలు ఎన్ని కొమ్మల మీద ఉన్నాయో లెక్కపెట్టండి. తర్వాత ఫిబ్రవరి చివర్లో ఒక ఎండు కాయను గోటితో విప్పి చూడండి. లోపల అయిదు గదులు, ఒక్కో గదిలో రెండేసి గింజలు పట్టే చోటు ఉంటాయి. అంటే కాయకు పది గింజలు దాటవు. కాయలో గింజల సంఖ్యను మనం పెద్దగా మార్చలేం. మనం మార్చగలిగింది మొక్కకు కొమ్మలెన్ని, కొమ్మకు కాయలెన్ని అన్నదే. కొమ్మలు ఎన్ని వేయాలో మొక్క మొదటి ముప్పై, నలభై రోజుల్లోనే తేల్చుకుంటుంది. నత్రజని ఆ రోజుల్లో అందితే కొమ్మలుగా, కాయలుగా మారుతుంది. పూత సగం అయ్యాక అదే నత్రజని నేల నుంచి అందితే ఆకులుగా మారుతుంది, కోత వెనక్కి పోతుంది, మార్చి ఎండలో గింజ ముడుచుకుంటుంది.

అందుకే ఆలస్యంగా వేసే యూరియా మీద నాకు కోపం. చేను లేత పసుపుగా కనిపించగానే కంగారుపడి బస్తా విప్పేవాళ్లను చాలామందిని చూశాను. వారం తిరిగేసరికి చేను నల్లటి పచ్చదనంతో మెరుస్తుంది, మనసు కుదుటపడుతుంది. ఆ పచ్చదనం గింజ కాదు. మోతాదు మించిన నత్రజనితో కాడ పొడవుగా, మెత్తగా పెరిగి ఫిబ్రవరి గాలికి పడిపోతుంది. లేత మొగ్గలు మొగ్గ ఈగకు ఇష్టమైన తిండి. గుబురుగా పెరిగి గాలి ఆడని చేలో బూడిద తెగులు త్వరగా పాకుతుంది. చివరికి తూకంలో కొంత పెరిగినా నూనె శాతం తగ్గుతుంది. నత్రజని ఎక్కువైతే గింజలో మాంసకృత్తులు పెరిగి, ఆ మేరకు నూనె చోటు ఇస్తుంది. మామూలుగా అవిసె గింజలో 35 నుంచి 45 శాతం దాకా నూనె ఉంటుంది. మనం పండించేది ఆ నూనె కోసమే.

యూరియా మీద ఈ మోజు ఎందుకంటే, చౌక కాబట్టి. వేప పూత యూరియా 45 కిలోల బస్తా దాదాపు ₹267. పక్క చేలో రెండు బస్తాలు వేశారంటే మనం మూడు వేద్దామనిపిస్తుంది. దుకాణంలో పనికిరాని ఇంకో సీసా కూడా అంటగడతారు. అలాంటప్పుడు వద్దని చెప్పడం నేర్చుకోవాలి. పొలంలో నేర్చుకోవలసిన నిబ్బరాల్లో దీన్నే నేను మొదట పెడతాను. తక్కువ వేసి ఆగడానికి ఎక్కువ వేయడం కంటే ధైర్యం కావాలి, ఎందుకంటే పంట తగ్గితే ‘నువ్వు వేయలేదు కాబట్టే’ అనే మాట ఇంట్లోంచే వస్తుంది.

ఎక్కువ యూరియా ఎందుకు పనిచేయదో రైలు నడిపినవాళ్లకు సులువుగా ఎక్కుతుంది. బండి ఒక సెక్షన్ ఎంతసేపట్లో దాటుతుందన్నది ఇంజను శక్తిని బట్టి కాదు, వేగం తగ్గించమనే కాషన్ ఆర్డర్ ఉన్న ముక్కను బట్టి తేలుతుంది. మొక్క పెరుగుదలా అంతే, అన్నింటిలోకీ ఏది తక్కువో అదే పంటను ఆపుతుంది. 19వ శతాబ్దంలో జర్మనీలో కార్ల్ స్ప్రెంగెల్ చెప్పి, యూస్టస్ ఫాన్ లీబిగ్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఇది. గంధకం చాలని చేలో యూరియా రెట్టింపు చేస్తే గంధకం కొరత తీరదు. తేమ చాలని చేలో ఏ ఎరువూ తేమ కొరతను తీర్చదు.

భాస్వరం, గంధకం, జింకు

భాస్వరం వేరుకు పని చేస్తుంది. అది మట్టిలో కదలదు, పడిన చోటే ఉంటుంది. ఎర్ర నేలల్లో ఇనుము, అల్యూమినియం, నల్ల నేలల్లో సున్నం దాన్ని పట్టేసుకుంటాయి. కాబట్టి పైన చల్లడం కంటే సాలులో, గింజకు కాస్త పక్కగా, రెండు మూడు సెంటీమీటర్లు కిందగా పడాలి. గింజను ఆనుకుని పడితే మాత్రం ప్రమాదం. అవిసె మొలక ఎరువు ఉప్పును ఓర్చుకోలేదు. కెనడా సస్కాచెవాన్ మైదానాల్లో అవిసెను వేల ఎకరాల్లో పండించేవాళ్లు కూడా గింజతో పాటు ఎరువు పోయడానికి వెనకాడతారు. ఇక్కడ మాత్రం గింజ సన్నగా, జారుడుగా ఉండి చేతిలో నిలవదని డి.ఎ.పి.తో కలిపి చల్లే అలవాటు ఉంది. దాని బదులు జల్లించిన పొడి మట్టినో, ఆరిన పశువుల గత్తాన్నో కలిపి చల్లండి. చేతికి పట్టు దొరుకుతుంది, మొలక బతుకుతుంది.

ఇంకో జాగ్రత్త. భాస్వరాన్ని కరిగించే పి.ఎస్.బి. లాంటి జీవన ఎరువులను మామూలుగా నీళ్లలో కలిపి విత్తనానికి పట్టిస్తారు. గుప్పెడు అవిసె గింజల మీద కాసిన్ని నీళ్లు చల్లి చూడండి, కాసేపట్లో జిగురు పట్టి ముద్దవుతాయి. ఆ ముద్దను ఎవరూ వెదజల్లలేరు. అందుకని ఆ పొడిని చివికిన గత్తంలో కలిపి, నీడలో ఒక రోజు ఉంచి, ఆఖరి దుక్కిలో చల్లండి. అవిసె వేరు భాస్వరం తెచ్చుకోవడానికి నేలలోని మైకోరైజా అనే శిలీంధ్రాల సాయం బాగా తీసుకుంటుంది. సేంద్రియ పదార్థం ఉన్న నేలలో అవి మెరుగ్గా పెరుగుతాయి. గత్తం వేయమని పెద్దవాళ్లు చెప్పే మాటకు ఇది ఒక్కటే కారణం కాదు కానీ, ఈ పంటకు ఇది గట్టి కారణం.

గంధకం నూనెను పెంచుతుంది. దీనికి వేరే బస్తా అక్కర్లేదు. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌లో 16 శాతం భాస్వరంతో పాటు 11 శాతం గంధకం ఉంటుంది. డి.ఎ.పి.లో గంధకం ఉండదు. బస్తాలో సరుకు చిక్కన, మోత తక్కువ అని అందరూ డి.ఎ.పి. వైపు చూస్తారు. నూనెగింజల పంటకు నేను సూపర్‌నే ఎంచుకుంటాను. సూపర్ దొరక్కపోతే డి.ఎ.పి.తో పాటు జిప్సం వేయండి.

జింకు గురించి ఒక్క మాట. వరిలో ఖైరా అని ఇక్కడ పిలిచే తుప్పు రంగు మచ్చలు మీ మడిలో వచ్చి ఉంటే అక్కడ జింకు కొరత ఉన్నట్టే. అవిసె కూడా ఆ కొరతను భరించలేదు. వరికి జింక్ సల్ఫేట్ వేసి ఉంటే మళ్లీ అవిసెకు వేయనక్కర్లేదు.

కాగితం మీద లెక్క

కింది అంకెలు ఎకరానికి, చేతిలో భూసార పరీక్ష ఫలితం లేనప్పుడు మొదలుపెట్టడానికి. ఫలితం ఉంటే దాని మాటే వినండి.

నీటి వసతి ఉండి, దున్ని వరుసల్లో విత్తినప్పుడు హెక్టారుకు 60 కిలోల నత్రజని, 30 కిలోల భాస్వరం, 20 కిలోల పొటాష్ అని పెట్టుకుంటే, ఎకరాకు అవి 24, 12, 8 కిలోలు అవుతాయి. బస్తాల్లో చెప్పాలంటే సూపర్ బస్తాన్నర, అంటే 75 కిలోలు. దాంతో ఎనిమిది కిలోల పైన గంధకం కూడా వచ్చేసింది. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 13 కిలోలు. యూరియా మొత్తం 52 కిలోలు, అందులో సగం దుక్కిలో, మిగతా సగం పైపాటుగా. పైపాటుకు సమయం ముప్పై, ముప్పై అయిదు రోజుల మధ్య, మొదటి తడికి ఆనుకుని. అంతకు ముందే ఒకసారి కలుపు తీసి ఉండాలి, లేకపోతే కలుపుకే మేపినట్టు. ఆకు మీద మంచు ఉండగా యూరియా చల్లకండి. పలుకులు ఆకుకు అంటుకుని మాడుస్తాయి. డిసెంబరు పొద్దుల్లో ఈ చేలల్లో మంచు తొమ్మిదింటికి గానీ ఆరదు, ఆగండి.

నీళ్లు లేకుండా నేలలోని తేమ మీదే దున్ని విత్తినప్పుడు నత్రజని 16 కిలోలు చాలు, అంటే యూరియా 35 కిలోలు. సూపర్ ఒక బస్తా. అంతా దుక్కిలోనే. పైపాటు అనే ఆలోచన పెట్టుకోకండి.

ఉతేరాకు వరి వదిలిన భాస్వరం, పొటాష్ ఉన్నాయి కాబట్టి నత్రజని ఒక్కటి ఎనిమిది కిలోల దాకా చూడండి. అది 17 కిలోల యూరియా, అర బస్తాకు కూడా తక్కువ. వరి కోసిన వెంటనే చెప్పులు విడిచి మడిలో నడవండి. పాదం ముద్ర స్పష్టంగా పడితే చల్లండి. పడకపోతే బస్తా అలాగే ఉంచి, పూతకు ముందు లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి ఆకుల మీద పిచికారీ చేయండి. ఎకరాకు 200 లీటర్ల నీరనుకుంటే నాలుగు కిలోలే అయ్యేది. నేలలో తేమ లేకపోయినా ఆకు ఆ కొద్దిపాటిని తీసుకోగలదు. సాయంత్రం పూట కొట్టండి. సొంతూళ్లో మాగాణి మినుము మీద బెట్ట రోజుల్లో చేసే పనే ఇది.

దిగుబడి మీద ఆశ కూడా నేలను బట్టే పెట్టుకోండి. ఉతేరాలో ఎకరాకు క్వింటా, క్వింటాన్నర వస్తే అది మామూలు. నీళ్లు పెట్టి, మంచి రకం వేసి, శ్రద్ధగా చేసిన చేలో అయిదారు క్వింటాళ్ల దాకా రావచ్చు. రాయపూర్‌లోని ఇందిరా గాంధీ కృషి విశ్వవిద్యాలయం ఇచ్చిన కార్తిక, దీపిక, ఇందిరా అల్సీ-32, ఆర్.ఎల్.సి.-92 ఈ ప్రాంతం కోసమే తయారైన రకాలు. ఉతేరాలో నీళ్ల చేను మోతాదు పోసి నీళ్ల చేను దిగుబడి ఆశించడమే చాలామందిని ఈ పంట నుంచి తరిమేసింది. వరి అమ్మాక ఊరి పశువులను చేలల్లోకి వదిలేసే అలవాటు ఇంకొకటి. మీ చుట్టూ ఎవరూ రబీ వేయకపోతే ఎరువు కంటే ముందు కంచె గురించి ఆలోచించండి. ఒంటరి చేను పశువుల పాలవుతుంది. ఇద్దరు ముగ్గురు పక్క పక్క రైతులతో మాట్లాడుకుని కలిసి దిగండి.

మీ చేలో మీ పరీక్ష

ఎవరి మాటా నమ్మకండి, నాది కూడా. చేలో ఒకేలా ఉన్న చోట పదేసి మీటర్ల పొడవు, వెడల్పు ఉన్న మూడు గళ్లు కొలిచి, మూలల్లో కర్రలు పాతండి. నీళ్ల చేనైతే మొదటి గడిలో పైపాటు అసలు వేయకండి. రెండో దానిలో పైన చెప్పిన లెక్క ప్రకారం 650 గ్రాముల యూరియా వేయండి. మూడో దానిలో దానికి రెట్టింపు. మిగతా అన్నీ ఒకటే. ఒక్కో గడి నూరు చదరపు మీటర్లు, ఎకరాలో సుమారు నలభై గళ్లు. కోత రోజున మూడింటినీ విడివిడిగా కోసి, ఆరబెట్టి, నూర్చి తూకం వేయండి. వచ్చిన కిలోలను నలభైతో గుణిస్తే ఎకరా దిగుబడి. మూడో గడి రెండో దానికంటే ఎంత ఎక్కువ ఇచ్చిందో చూసి, ఆ గింజ ధరను అదనపు యూరియా ధరతో, దాన్ని చల్లిన కూలితో, పడిపోయిన మొక్కలతో పోల్చండి. నోట్‌బుక్‌లో విత్తిన తేదీ, ఎరువు వేసిన తేదీ, మంచు, వాన, పూత మొదలైన రోజు రాసుకోండి. ఏళ్ల తరబడి లాగ్ బుక్ రాసిన చేతికి ఇది కొత్త కాదు. రెండేళ్ల లెక్క చేతికి వచ్చాక పక్క చేలో ఎన్ని బస్తాలు పడ్డాయన్నది మిమ్మల్ని కదిలించదు.

మట్టి నమూనా తీయడానికి మంచి సమయం అవిసె కోశాక, మార్చి, ఏప్రిల్ నెలల్లో. అప్పుడు నేల పొడిగా ఉంటుంది, కొత్త ఎరువు పడి ఉండదు, ఫలితం వానలకు ముందే చేతికొస్తుంది. ఎకరంలో ఎనిమిది పది చోట్ల పై చెత్త తీసి, జానెడు లోతు వరకు వి ఆకారంలో గుంట తీసి, పక్క గోడ నుంచి పలచని పొర చెక్కండి. గట్టు పక్కన, చెట్టు నీడన, గత్తం కుప్ప వేసిన చోట తీయకండి. అన్నీ కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు పారేస్తూ అర కిలో మిగిలేదాకా తగ్గించండి. నీడలో ఆరబెట్టి, గుడ్డ సంచిలో పోసి, సర్కండాలోని బారిస్టర్ ఠాకూర్ ఛేదీలాల్ వ్యవసాయ కళాశాలలోనో, మీ బ్లాకు వ్యవసాయ కార్యాలయంలోనో పరీక్ష ఎక్కడ చేస్తారో కనుక్కుని ఇవ్వండి. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డు పథకంలో పన్నెండు అంశాలు చూస్తారు. అందులో అవిసె రైతు ముందు చూడవలసినవి సేంద్రియ కర్బనం, భాస్వరం, గంధకం, జింకు. సంచి మీద పేరు, ఖస్రా నంబరు, నేల రకంతో పాటు ‘వరి తర్వాత అల్సీ’ అని తప్పక రాయండి. లేకపోతే సలహా వరికి మాత్రమే వస్తుంది.